వెలా ఎక్స్-1 పీరియడ్ రెండుసార్లు రెండు రకాలుగా వస్తోంది. అసలు ఇది ఇంత నెమ్మదిగా ఎందుకు తిరుగుతోంది?

సగం_ఫోటాన్:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వెలా ఎక్స్-1 అనే ఎక్స్-రే పల్సార్‌ని తీసుకున్నాను, అంటే తిరుగుతూ చుట్టుకోసారి ఎక్స్-రే మెరుపు (పల్స్) చూపే న్యూట్రాన్ నక్షత్రం. ఆర్కైవ్‌లో అందరికీ అందుబాటులో ఉన్న న్యూస్టార్ ఎక్స్-రే ఉపగ్రహం పరిశీలనలు రెండు దించుకుని లైట్ కర్వ్‌లు (సమయంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫులు) తీశాను. ఎపాక్ ఫోల్డింగ్ (ఒక్కో పీరియడ్ ఊహించి, డేటాని దాని మీద మడిచి చూడటం) చేస్తే మొదటి దాంట్లో 283.22 సెకన్లు, రెండో దాంట్లో 283.63 సెకన్లు వచ్చాయి. ఎర్రర్ 0.03 సెకన్లకు మించి లేదు, కాబట్టి తేడా నిజమైనదే అనిపిస్తోంది. ఇది చాలదన్నట్టు, 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పైనున్న ఫోటాన్లను మాత్రమే తీసుకుని వెతికితే 141.6 సెకన్ల దగ్గర ఇంకా ఎత్తైన శిఖరం వస్తోంది. మూడింటిలో దేన్ని నమ్మాలి?

రెండో ప్రశ్న. వచ్చే వారం ప్రజెంటేషన్ ఉంది. "న్యూట్రాన్ నక్షత్రమంటే సెకనుకు ఎన్నో చుట్లు తిరగాలి కదా, ఇదేంటి ఒక్క చుట్టుకి దాదాపు ఐదు నిమిషాలు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నా దగ్గరున్న జవాబు ఒక్కటే: ముసలిదైపోయి, బొంగరంలా వేగం తగ్గిపోయింది అని. ఆ మాట చెబితే గట్టెక్కుతానా? చాలా టెన్షన్‌గా ఉంది.

మూడోకన్ను:

బేరీసెంటర్ కరెక్షన్ (ఫోటాన్లు వచ్చిన సమయాలని సౌర కుటుంబం ద్రవ్యరాశి కేంద్రానికి మార్చడం) చేశారా? భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల కూడా పీరియడ్ మారుతుంది.

సగం_ఫోటాన్:

చేశానండి. చేసినా 0.02 సెకన్లే మారింది. 0.4 తేడా అలాగే ఉంది.

పాత_లైట్‌కర్వ్:

భూమి వల్ల వచ్చే తేడా ఈ పీరియడ్‌కి మహా అయితే 0.03 సెకన్లు. మీరు మర్చిపోయింది భూమి కక్ష్య కాదు, ఆ న్యూట్రాన్ నక్షత్రం కక్ష్య. అది ఒంటరిగా లేదు. హెచ్‌డీ 77581 అనే బి రకం సూపర్‌జెయింట్ (బాగా వేడిగా ఉండే భారీ నక్షత్రం) చుట్టూ 8.964 రోజులకోసారి తిరుగుతోంది. ఆ కక్ష్య వ్యాసార్థాన్ని మన వైపు నుంచి చూస్తే దాదాపు 114 కాంతి సెకన్లు. కాగితం మీద లెక్క వేసుకోండి: 114ని రెండు పైతో గుణించి, 8.964 రోజుల్లోని సెకన్లతో భాగిస్తే పదివేలలో తొమ్మిది వంతులకు కాస్త ఎక్కువ వస్తుంది. దాన్ని 283తో గుణిస్తే 0.26 సెకన్లు. అంటే నక్షత్రం మన వైపు వస్తున్నప్పుడు పీరియడ్ 0.26 తగ్గినట్టు, దూరంగా పోతున్నప్పుడు 0.26 పెరిగినట్టు కనిపిస్తుంది. మీ రెండు అంకెల మధ్య తేడా 0.41. ఆ రెండు పరిశీలనలూ కక్ష్యకు ఇటొకటి అటొకటి పడి ఉంటాయి. కక్ష్య కరెక్షన్ చేసి మళ్ళీ చూడండి.

141.6 సంగతి సులువు. వెలా ఎక్స్-1 పల్స్ ఆకారం ఎక్కువ శక్తి దగ్గర రెండు శిఖరాలుగా ఉంటుంది, ఒక్కో అయస్కాంత ధ్రువానికి ఒకటి అన్నట్టు. రెండూ ఇంచుమించు ఒకే ఎత్తు కాబట్టి మీ ప్రోగ్రాం సగం పీరియడ్‌ని చూసి సంబరపడిపోయింది. 283 మీద ఫోల్డ్ చేసి చూస్తే రెండు శిఖరాలూ కవల పిల్లల్లా ఉంటాయి కానీ అచ్చు ఒకేలా ఉండవు. ఆ చిన్న తేడానే సాక్ష్యం. తక్కువ శక్తి దగ్గర చూడండి, ఆకారం ఐదు శిఖరాలతో గజిబిజిగా ఉంటుంది.

సిగ్గుపడకండి. నేను రీసెర్చిలో చేరిన మొదటి ఏడాదే 96 నిమిషాల పీరియడ్ ఉన్న కొత్త పల్సార్‌ని "కనిపెట్టాను". రెండు రాత్రులు నిద్ర లేదు, పేపరుకి టైటిల్ కూడా రాసేసుకున్నాను. మా గైడు గ్రాఫు చూసి ఒక్క మాటే అడిగారు: "ఉపగ్రహం భూమిని ఎంతసేపట్లో చుట్టొస్తుంది?" 96 నిమిషాల్లోనే. ఆ గ్రాఫుని ఆయన గది తలుపు లోపలి వైపు పిన్ను గుచ్చి పెట్టారు. నేను వెళ్ళిపోయే దాకా అది అక్కడే ఉంది.

ఇక బొంగరం. దయచేసి ఆ మాట ప్రజెంటేషన్‌లో అనకండి.

తోడు నక్షత్రం బరువు సుమారు 24 సూర్యులు. అంత బరువైనవి కోటి ఏళ్లు కూడా బతకవు. ఆ నక్షత్రం ఇంకా బతికే ఉందంటే దాని పక్కనున్న న్యూట్రాన్ నక్షత్రం పుట్టి కొన్ని లక్షల ఏళ్లో, ఇంకాస్త ఎక్కువో అయి ఉండాలి. నిజంగా ముసలివాళ్ళని చూడాలంటే తేలికపాటి తోడున్న జంటల్లో వెతకాలి. అక్కడ మాత్రం వ్యవహారం తలకిందులు: శాక్స్ జే1808 అనేది సెకనుకి 401 సార్లు తిరుగుతోందని 1998లో తెలిసింది. వందల కోట్ల ఏళ్లవి గిర్రున తిరుగుతున్నాయి, చిన్నవయసువి ఈసురోమంటున్నాయి. ఇంకా గట్టి ఉదాహరణ కావాలంటే చిన్న మాజెలానిక్ మేఘం అనే పక్క గెలాక్సీలో ఎస్ఎక్స్‌పీ 1062 అనే పల్సార్ ఉంది. పీరియడ్ 1062 సెకన్లు. చుట్టూ దాని సూపర్‌నోవా శిథిలం ఇంకా చెదిరిపోకుండా కనిపిస్తోంది. దాని వయసు కొన్ని పదివేల ఏళ్లు, అంతే. పురిటి వాసన కూడా పోని పిల్లకి ఈ నడక.

బొంగరం పోలికలో ఇంకో లోపం ఉంది. బొంగరం తన తిరుగుడునే ఖర్చు పెట్టుకుంటుంది. రేడియో పల్సార్లు చేసేదీ అదే. వెలా ఎక్స్-1 అలా చేస్తే? దాని ఎక్స్-రే వెలుగు సూర్యుడు మొత్తం వెదజల్లే కాంతికి వెయ్యి రెట్లు. 283 సెకన్లకోసారి తిరిగే నక్షత్రంలో ఉన్న భ్రమణ శక్తిని ఆ వెలుగుతో భాగించి చూడండి. నాకు 17 గంటలు వచ్చింది. పొద్దున మొదలుపెడితే అర్ధరాత్రికి ఖాళీ. 1960లలో మొదట చూసినది ఇవాళ్టికీ వెలుగుతోందంటే దాని తిండి వేరే చోటి నుంచి వస్తోంది.

తిండి పెట్టేది సూపర్‌జెయింటే. దాని ఒంటి మీద నుంచి గాలి విపరీతంగా వీస్తుంది, ఏడాదికి సూర్యుడి బరువులో పది లక్షలో వంతు దాకా. న్యూట్రాన్ నక్షత్రం ఆ ఒంటికి బాగా దగ్గరగా, ఆ గాలిలోనే తిరుగుతూ ఉంటుంది. అయినా దాని నోట పడేది ఎంతనుకున్నారు? పదివేల వంతుల్లో నాలుగు. మిగతాదంతా పక్కనుంచి పోతుంది. ఆ నాలుగు వంతులే సెకనుకి 2,600 కోట్ల టన్నులు. అంత సరుకు పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్థమున్న గోళం మీద పడితే వెయ్యి సూర్యుల వెలుగు రావడం వింతేమీ కాదు.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. పడే వాయువు నేరుగా నేలకి దిగదు. అయస్కాంత క్షేత్రం లక్ష కోట్ల గాస్ మాట. వెలా ఎక్స్-1కి అయితే అది సుమారు 4,000 కిలోమీటర్ల దూరంలోనే వాయువుని ఆపి, దారి మళ్ళించి ధ్రువాల మీదికి తోలుతుంది. ఆ సరిహద్దు నక్షత్రంతో పాటే తిరుగుతుంటుంది. నక్షత్రం వేగంగా తిరుగుతుంటే సరిహద్దు దగ్గర అయస్కాంత క్షేత్రం వేగం అక్కడి వాయువు కక్ష్యలో తిరగాల్సిన వేగం కంటే ఎక్కువవుతుంది. అప్పుడు లోపలికి రావాల్సిన వాయువుని ఫ్యాను రెక్కలా బయటికి విసిరేస్తుంది. విసిరిన ప్రతిసారీ తన వేగం కొంత పోతుంది. దీన్ని ప్రొపెల్లర్ దశ అంటారు. 1975లో ఇలారియోనోవ్, సున్యాయెవ్ దీని మీద రాసిన పేపరు శీర్షికే ఒక ప్రశ్న: మన గెలాక్సీలో ఎక్స్-రే నక్షత్రాలు ఇంత తక్కువగా ఎందుకున్నాయని. చాలా న్యూట్రాన్ నక్షత్రాలు వచ్చిన కూడుని విసిరికొడుతూ చీకట్లో ఉండిపోతాయని వాళ్ళ జవాబు.

విసరడం ఎప్పుడు ఆగుతుంది? సరిహద్దు, కక్ష్య వేగం రెండూ సరిపోయినప్పుడు. అలా సరిపోయే దూరం 283 సెకన్ల తిరుగుడుకి 72,000 కిలోమీటర్లు. సరిహద్దేమో 4,000 దగ్గర ఉంది. ఈ రెండూ కలవాలంటే పీరియడ్ నాలుగు సెకన్లలోపే ఉండాలి. సెన్ ఎక్స్-3 చూడండి, 4.84 సెకన్లు. మొట్టమొదట దొరికిన ఎక్స్-రే పల్సార్ అదే, 1971లో ఉహురు ఉపగ్రహానికి. దానికి తోడూ బరువైనదే, కానీ సరుకు ఒక పళ్ళెంలా డిస్కుగా చేరి, తిరుగుతూ లోపలికి వస్తుంది. డిస్కు ఎప్పుడూ ఒకే దిక్కున తిప్పుతుంది. కుమ్మరి చక్రాన్ని కర్రతో ఒకే వైపు తోసినట్టు.

వెలా ఎక్స్-1కి ఆ సుఖం లేదు. గాలి ముద్దలు ముద్దలుగా వస్తుంది. ఒక ముద్ద ఎడమ నుంచి తోస్తే, కొన్ని రోజులకి ఇంకోటి కుడి నుంచి తోస్తుంది. ఒక రంకులరాట్నాన్ని ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా పట్టుకుని ఎవరిష్టం వాళ్ళు లాగినట్టు ఉంటుంది. మొత్తం మీద వేగం పెరగదు. 1970ల నుంచి కొలుస్తున్న దీని పీరియడ్ గ్రాఫు ఎటు పోతుందో తెలియని తాగుబోతు నడకలా ఉంటుంది. దశాంశ బిందువు తర్వాత అంకెలు మారుతూ పోతాయి, కానీ 283ని విడిచి పెద్దగా దూరం పోదు.

మరి 283 దాకా మొదట ఎవరు దించారు? నాకు నచ్చిన వివరణ ఇది: తోడు నక్షత్రం ఇప్పుడైతే సూపర్‌జెయింట్, అంతకుముందు మామూలు దశలో ఉన్నప్పుడు దాని గాలి చాలా బలహీనం. గాలి బలహీనమైతే అయస్కాంత సరిహద్దు ఎక్కడో దూరానికి జరుగుతుంది, విసిరే చెయ్యి పొడవవుతుంది, బ్రేకు గట్టిగా పడుతుంది. ఆ రోజుల్లోనే పీరియడ్ వందల సెకన్లకు దిగిపోయింది. తర్వాత గాలి పెరిగింది, తిండి మొదలైంది, కానీ ఇటు తోసీ అటు తోసీ మళ్ళీ వేగం పెంచే నాథుడు లేడు. షకూరా, పోస్ట్‌నోవ్ బృందం 2012లో ఇంకో ముక్క కలిపింది: వెలుగు మరీ ఎక్కువ కాని చోట వాయువు దబ్బున పడదు, సరిహద్దు మీద వేడి వేడి పొరలా పేరుకుని నెమ్మదిగా దిగుతుంది, ఆ పొర కూడా తిరుగుడుని బయటికి లాగేసుకుంటుంది.

చాలా రాశాను. భోజనానికి పిలుస్తున్నారు.

మూడోకన్ను:

బాగా చెప్పారు, కానీ ఒక అభ్యంతరం. మీ లెక్క వందల సెకన్లకి సరిపోతుంది. వేల సెకన్లకో? 2ఎస్ 0114+650 అనే పల్సార్‌కి 1990ల మొదట్లో కొలిచిన పీరియడ్ 2.78 గంటలు. ఆ వేగంతో నడుమ దగ్గర నేల గంటకి ఇంచుమించు 27 కిలోమీటర్లే కదులుతుంది. సైకిల్ మీద దాటేయొచ్చు! ఇది అసలు న్యూట్రాన్ నక్షత్రం తిరుగుడేనా, తోడు నక్షత్రమే ఉబ్బుతూ తగ్గుతూ ఉందా అని కూడా మొదట్లో అనుమానపడ్డారు. కోటి ఏళ్లలోపు ఆ స్థితికి రావాలంటే అది పుట్టుకతో మాగ్నెటార్ అయి, మామూలు కంటే వంద రెట్లు బలమైన క్షేత్రంతో బ్రేకు వేసి ఉండాలని లీ, వాన్ డెన్ హ్యూవెల్ 1999లో రాశారు. మీరు ఆ మాటే ఎత్తలేదు.

పాత_లైట్‌కర్వ్:

ఎత్తలేదు, కావాలనే. అడిగింది వెలా ఎక్స్-1 గురించి. దాని క్షేత్రాన్ని ఊహించాల్సిన పని లేదు, కొలిచేశారు. స్పెక్ట్రంలో 25, 55 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సైక్లోట్రాన్ గీతలు (క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్లు ఎక్స్-రేలని మింగడం వల్ల పడేవి) పడ్డాయి. దాని నుంచి క్షేత్రం రెండు మూడు లక్షల కోట్ల గాస్ అని తేలుతుంది. అంటే మామూలు న్యూట్రాన్ నక్షత్రమే. 283 సెకన్లకి మాగ్నెటార్ అక్కర్లేదు.

0114కి ఆ ఆలోచన కొట్టిపారేయలేం, ఒప్పుకుంటాను. కానీ అది ఇప్పుడు మాగ్నెటార్ అనడానికి, ఒకప్పుడు మాగ్నెటార్ అనడానికి చాలా తేడా ఉంది. పైగా దాని వేగం క్రమంగా పెరుగుతోంది కూడా, 2.78 గంటల నుంచి 2.6 గంటల వైపు వచ్చింది. ఇంకో మంచి విషయం: అంత తొందరగా వేగం మారిందంటే అది తెల్ల మరుగుజ్జు (న్యూట్రాన్ నక్షత్రం కంటే చాలా పెద్దదైన మరో రకం నక్షత్ర అవశేషం) అయ్యే అవకాశం లేదు. దాని జడత్వం లక్ష రెట్లు పెద్దది, ఇంత గాలికి అది కదలదు.

4యూ 2206+54 అనే ఇంకో పల్సార్‌ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దొరికినప్పుడు దాని పీరియడ్ 5,550 సెకన్ల దగ్గర, అంటే 92 నిమిషాల చిల్లర. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాల కక్ష్యా కాలం పక్కనే! రోజుల తరబడి భూమికి దూరంగా ఉంటూ 2025 దాకా పనిచేసిన ఇంటెగ్రల్ లాంటి ఉపగ్రహాలు అక్కరకొచ్చింది ఇలాంటి వాటికే. నా 96 నిమిషాల పల్సార్ ఊరికే నవ్వులపాలైంది, ఇది మాత్రం నిజమైంది.

చుక్కలరాయుడు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఈ నెమ్మది పల్సార్లలో ముందుగా దొరికిన వాటిలో ఏ1118-61 ఒకటి. ఏరియల్-5 ఉపగ్రహం చూసింది, 6.75 నిమిషాలకోసారి వెలుగు పెరిగి తగ్గుతోందని 1975లో నేచర్‌లో వచ్చింది. ఆ పేపరు రాసిన ముగ్గురిలో ఒకరు జోసెలిన్ బెల్ బర్నెల్. 1967లో 1.33 సెకన్ల రేడియో పల్సార్‌ని పట్టుకున్న ఆవిడే. సెకను పల్సార్ దగ్గరా ఆవిడే ఉంది, నిమిషాల పల్సార్ దగ్గరా ఆవిడే ఉంది.

ఇంకోటి, జీఎక్స్ 301-2 అనే పల్సార్‌ని కూడా ప్రజెంటేషన్‌లో పెట్టండి. దాని పీరియడ్ 680 సెకన్ల చుట్టూ ఉంటుంది, మామూలుగా పెద్ద మార్పేమీ ఉండదు. 1990లలో కాంప్టన్ అబ్జర్వేటరీ ఉపగ్రహం మీదున్న బాట్సే పరికరం మాత్రం రెండుసార్లు, నెల రోజుల చొప్పున, వేగం గబగబా పెరగడం చూసింది. గాలిలోనే తాత్కాలికంగా డిస్కు కట్టి ఉంటుందని అర్థం చేసుకున్నారు. పైన చెప్పిన కుమ్మరి కర్ర కాసేపు చేతికొచ్చి మళ్ళీ జారిపోయిందన్నమాట.

సగం_ఫోటాన్:

సార్, చాలా చాలా థాంక్స్! కక్ష్య కరెక్షన్ చేశాను. ఇప్పుడు 283.44, 283.41 వచ్చాయి. ఎర్రర్ లోపలే రెండూ కలిసిపోయాయి. 141.6ని 283 మీద ఫోల్డ్ చేసి చూస్తే రెండో శిఖరం కాస్త పొట్టిగా ఉంది, మీరన్నట్టే. 17 గంటల లెక్క నేను కూడా వేశాను, జడత్వానికి 10 పవర్ 45 పెడితే నాకూ అంతే వచ్చింది. దాన్ని మొదటి స్లైడ్‌లోనే పెడుతున్నాను.

ఇంకొక్కటి అడుగుతాను, విసుక్కోకండి. వెలా ఎక్స్-1లో అప్పుడప్పుడు వెలుగు ఉన్నట్టుండి పడిపోయి, పల్స్‌లు కూడా మాయమయ్యే ఆఫ్ స్టేట్‌లు ఉంటాయని చదివాను. నా రెండో లైట్ కర్వ్‌లో అలాంటివి ఏకంగా ఎనిమిది దొరికాయి! ఒక్కొక్కటి అరగంట పైనే. ఒక్క కౌంటు కూడా లేదు. ఇది కొత్త సంగతి అవుతుందా?

పాత_లైట్‌కర్వ్:

సార్ కాదు, అక్కా అను చాలు.

ఆ ఎనిమిదింటి మధ్య ఎడం ఎంతుంది? అన్నిటికీ సమానంగా 97 నిమిషాలు ఉందేమో కొలిచి చూడు.

సగం_ఫోటాన్:

…97 నిమిషాలే ఉంది అక్కా.

పాత_లైట్‌కర్వ్:

న్యూస్టార్ భూమిని చుట్టొచ్చిన ప్రతిసారీ భూమి అడ్డం వచ్చింది. ఆఫ్ స్టేట్‌లో వెలుగు బాగా పడిపోతుంది కానీ కౌంట్లు పూర్తిగా సున్నా అవ్వవు, బ్యాక్‌గ్రౌండ్ అయినా ఉంటుంది. ఒక్క కౌంటు కూడా లేదంటే ఆ సమయం జీటీఐ ఫైల్లోంచే (పనికొచ్చే డేటా ఉన్న సమయాల జాబితా) తీసేసి ఉంటుంది. తెరిచి చూడు. ఆ ఖాళీలు పక్కన పెట్టాక ఇంకా ఏదైనా పల్లం మిగిలితే గ్రాఫు ఇక్కడ పెట్టు, ఈసారి నేనూ కూర్చుంటాను. ఇప్పుడున్న గ్రాఫుని మాత్రం పారేయకు. పిన్ను గుచ్చడానికి పనికొస్తుంది.